అటెన్‌బరోలందరూ చుట్టాలేనా? ఒక అరుదైన ఇంగ్లీషు ఇంటిపేరు కథ

గాంధీ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో మనకి తెలుసు, అడవి జంతువుల డాక్యుమెంటరీల్లో గొంతు వినిపించే ఆయన తమ్ముడు డేవిడ్ అటెన్‌బరో అయితే ఇంకా బాగా తెలుసు. మరి వీళ్ళిద్దరూ కాకుండా ఇంకో అటెన్‌బరో పేరు చెప్పమంటే? తడుముకోవాల్సిందే, ఇంగ్లండ్‌లో వాళ్ళని అడిగినా అంతే, ఎందుకంటే అక్కడ కూడా ఇది అరుదైన ఇంటిపేరే. బ్రిటన్‌లో స్మిత్‌లు ఐదు లక్షల పైచిలుకు ఉంటారు, ఆ లెక్క ముందు అటెన్‌బరోలు కనపడనే కనపడరు. ఆ ఉన్న కొద్దిమంది కూడా పాతకాలంలో దేశమంతా లేరు, నడిమధ్యన నాటింగ్‌హామ్‌షైర్, డెర్బీషైర్ అని పక్కపక్కన ఉన్న రెండు కౌంటీల చుట్టూనే ఎక్కువగా ఉండేవాళ్ళు. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి.

ఇంత తక్కువమంది, అదీ ఒకే చోట ఉన్నారంటే అందరూ ఒకే తాత సంతానం అయ్యుంటారు అని ఎవరికైనా అనిపిస్తుంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఇదేదో పెద్ద జమీందారీ వంశం అయ్యుంటుంది, అందుకే పేరు ఇన్నాళ్ళు నిలిచింది అంటారు. మొదటి మాట దాదాపు నిజమే, డీఎన్‌ఏ కూడా అదే చెప్పింది. రెండో మాట మాత్రం వట్టిది. అరుదైన పేరు వెనక ఒకే కుటుంబం మిగలడానికి కారణం గొప్పదనం కాదు, అదృష్టం, ఇంకా చెప్పాలంటే మిగతావాళ్ళ దురదృష్టం. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని గెలుచుకునే నాటికి అక్కడ మామూలు జనానికి వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు లేవు. జాన్ అంటే జాన్, ఊళ్ళో నలుగురు జాన్‌లు ఉంటే కమ్మరి జాన్, వాగు పక్కన జాన్, విలియం కొడుకు జాన్, అంతే, కొడుకు కమ్మరం మానేసి వడ్రంగం పడితే వాడి పిలుపు కూడా మారిపోయేది. ముందు భూములున్న దొరలు తండ్రి పేరో ఎస్టేటు పేరో కొడుక్కి దక్కేలా చేసుకున్నారు, ఎందుకంటే ఆస్తి హక్కు చూపించుకోవాలి కదా, తర్వాత మెల్లగా కిందికి పాకింది. దక్షిణాన, నడిమి ప్రాంతాల్లో 1350 ప్రాంతానికి చాలామందికి స్థిరపడ్డాయి, ఉత్తరాన ఇంకో వందేళ్ళు పట్టింది. 1377, 1379, 1381 సంవత్సరాల్లో తలపన్ను వేశారు, మనిషికింత అని వసూలు చేసిన పన్ను, ఆ పద్దు పుస్తకాలే ఇవాళ ఇంటిపేర్ల చరిత్ర తవ్వేవాళ్ళకి బంగారు గని. ప్రభుత్వం పన్ను కోసం రాసుకున్న చిట్టాలు ఇలా పనికొస్తాయని ఆ కట్టినవాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు, వాళ్ళు తిట్టుకుంటూ కట్టారు, 1381లో అయితే ఏకంగా తిరగబడ్డారు.

ఇక అటెన్‌బరో సంగతి. నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి దిక్కున ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే ఊరు ఇప్పటికీ ఉంది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజుని ఓడించిన పక్షం నాయకుడు క్రామ్‌వెల్‌కి అల్లుడు, అదే యుద్ధంలో సేనాని అయిన హెన్రీ ఐర్టన్‌కి 1611లో బాప్తిస్మం ఇచ్చింది ఈ ఊరి చర్చిలోనే. ఊరి పక్కన కంకర తవ్విన గుంతల్లో నీళ్ళు నిండి చెరువులైతే వాటిని పక్షుల కోసం రక్షిత ప్రాంతం చేశారు, 1966లో దాన్ని ప్రారంభించింది ఎవరనుకుంటున్నారు, డేవిడ్ అటెన్‌బరో. పేరు కలిసిందని సరదాకి పిలిచి ఉంటారు అనిపిస్తుంది కానీ సంబంధం అంతకంటే దగ్గరిదే. ఈ అన్నదమ్ముల తండ్రి ఫ్రెడరిక్ పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో, అది ఈ అటెన్‌బరో ఊరికి కూతవేటు దూరం. అంటే పేరు పుట్టిందనుకుంటున్న కాలం నుంచి ఐదారు వందల ఏళ్ళు గడిచాక కూడా కుటుంబం ఆ చుట్టుపక్కలే ఉందన్నమాట.

అయితే పేరు ఊరి నుంచే వచ్చిందా అన్నదాని మీద రెండు మాటలున్నాయి. పాత ఇంగ్లీషులో బుర్హ్ అంటే కోట లేదా కట్టుదిట్టం చేసిన చోటు, అదే తర్వాత బరో, బరీ అయింది. "ఆ కోట దగ్గర ఉండేవాడు" అనడానికి అప్పట్లో అట్టెన్ బరో అనే వీలుంది కాబట్టి కోట ఉన్న ఏ ఊళ్ళోనైనా ఈ పేరు పుట్టొచ్చు అనేది ఒక వాదన. నిజంగానే అలా పుట్టిన ఇంటిపేర్లు బోలెడు, మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధానిగా ఉన్న అట్లీ పేరు అలాంటిదే, బీడు దగ్గర ఉండేవాడని అర్థం, నాష్ అనే పేరు కూడా బూడిద రంగు బెరడుండే యాష్ చెట్టు దగ్గర ఉండేవాడనే, అట్టెన్‌లోని చివరి న వచ్చి యాష్‌కి అతుక్కుని నాష్ అయింది. రెండో వాదన, ఇది ఊరి పేరే, ఆ ఊరి పేరులో అటెన్ అంటే "దగ్గర" కాదు, అడ్డా అనే పాతకాలపు ఆసామి కోట అని. నాకు ఈ రెండోదే సబబుగా తోస్తుంది, కారణం పాత వ్యాకరణం: బుర్హ్ అనేది స్త్రీలింగం, స్త్రీలింగం ముందు అట్టెన్ రాదు, అట్టర్ రావాలి, అలా వచ్చిన ఇంటిపేరు వేరే ఉంది కూడా, అట్టర్‌బరీ. ఇంటిపేర్లు పుట్టే కాలానికి లింగభేదాలు కలగాపులగం అయిపోయాయి కాబట్టి ఇదే తిరుగులేని రుజువు అనను, కానీ మ్యాప్ కూడా అటే చూపిస్తోంది, కోటలు దేశమంతా ఉన్నాయి, పేరు మాత్రం ఆ ఊరి చుట్టూనే గుంపుగా ఉంది.

ఊరి పేరు ఇంటిపేరు కావడం మనకి కొత్త కాదు కదా. అందులో ఉన్న కిటుకు కూడా రెండు చోట్లా ఒకటే. ఊళ్ళో ఉన్నంతకాలం ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, అందరూ ఆ ఊరివాళ్ళే అయినప్పుడు ఇక దానితో గుర్తేముంది, ఊరు విడిచి వెళ్ళాకే పక్క ఊరివాళ్ళు ఫలానా ఊరివాడు అంటారు. కందుకూరి వీరేశలింగం గారు పుట్టింది రాజమండ్రిలో, అలాగే అటెన్‌బరో అనే పేరు కూడా ఆ ఊరు వదిలి ఐదు పది మైళ్ళు అవతల కాపురం పెట్టిన ఎవడో ఒకడికి తగులుకుని ఉంటుంది. మరీ దూరం పోయుండడు, ఎందుకంటే యాభై మైళ్ళ అవతల అటెన్‌బరో అంటే ఎవరికి తెలుస్తుంది, అక్కడైతే నాటింగ్‌హామ్ వాడు అనేవాళ్ళు.

ఇప్పుడు అసలు చిక్కు. పేర్లు స్థిరపడుతున్న కాలంలో ఆ ఊరి నుంచి ఒక్కడే బయటికి వెళ్ళి ఉంటాడా? ముగ్గురో నలుగురో వేరువేరు దిక్కులకి పోయి, ఒకరికొకరు ఏమీ కాని వాళ్ళు అటెన్‌బరోలు అయ్యుండొచ్చు కదా? అయ్యుండొచ్చు. కానీ ఆ పేర్లు మిగలాలి కదా.

ఇక్కడ గాల్టన్ అనే ఆయన వస్తాడు, చార్లెస్ డార్విన్‌కి చుట్టం. పెద్దింటి కుటుంబాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయి అని విక్టోరియా కాలంలో దొరలకి బెంగ పట్టుకుంది, గొప్పవాళ్ళకి సంతానశక్తి తగ్గుతోందేమో అని కొందరి అనుమానం. గాల్టన్ 1873లో దీన్ని లెక్కల ప్రశ్నగా ఒక పత్రికలో వేశాడు, వాట్సన్ అనే మతగురువు జవాబు పంపాడు, ఆ జవాబులో పొరపాటు ఉన్నా పద్ధతి మాత్రం నిలిచిపోయింది, ఇవాళ అణు చర్యల దగ్గర్నుంచి అంటువ్యాధుల దాకా అదే లెక్క వాడతారు. విషయం సింపుల్. ఇంటిపేరు కొడుకుల ద్వారానే నడుస్తుంది, ఒక మగవాడికి సగటున ఒక్క కొడుకు పెద్దవాడై పిల్లల్ని కంటాడు అనుకుందాం, సగటున అంటే కొందరికి ఇద్దరు ముగ్గురు, కొందరికి అసలు ఉండరు. ఈ లెక్కన మొదటి తరంలోనే నూటికి 37 పేర్లు పోతాయి, 20 తరాలు గడిచేసరికి నూటికి 91 పోతాయి. ఎవరికీ ఏ జబ్బూ లేకుండా, ఎవరి తప్పూ లేకుండా, ఊరికే ఆడపిల్లలే పుట్టడం వల్లో పిల్లలు పుట్టకపోవడం వల్లో. దొరలు అనవసరంగా బెంగపడ్డారు, కూలీల పేర్లు కూడా అదే వేగంతో పోతుండేవి, కాకపోతే వాటి గురించి ఏడ్చేవాళ్ళు లేరు.

పైగా ఇంగ్లండ్‌లో జబ్బు కూడా వచ్చింది. 1348లో ప్లేగు దిగింది, ఏడాదిన్నరలో జనాభాలో మూడోవంతు నుంచి సగం దాకా పోయారు, ఆ తర్వాత కూడా మళ్ళీ మళ్ళీ వచ్చి వందేళ్ళకి పైగా జనాభా లేవలేదు. సరిగ్గా ఇంటిపేర్లు కుదురుకుంటున్న రోజుల్లో ఇది జరిగింది చూడండి, అప్పుడే పుట్టిన పేరు, మోసేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, అంతలో ప్లేగు. ఎన్ని పేర్లు పుట్టిన తరంలోనే పోయి ఉంటాయో. కాబట్టి మొదట నలుగురు అటెన్‌బరోలు ఉన్నా ముగ్గురి వంశాలు ఆగిపోయి ఒక్కడిదే ముందుకు సాగడం వింతేమీ కాదు, అలా జరక్కపోతేనే వింత. ఆ ఒక్క వంశం ఎలాగోలా 1700ల దాకా నెట్టుకొస్తే చాలు, అక్కడి నుంచి దారి సులువు, ఎందుకంటే జనాభా ఉప్పెనలా పెరిగింది: ఇంగ్లండ్, వేల్స్ కలిపి 1801 జనాభా లెక్కల్లో 89 లక్షలు, 1901కి మూడు కోట్ల పాతిక లక్షలు. చిన్న పేరు కూడా ఆ ఉప్పెనలో పెరిగింది.

ఇదంతా కాగితం మీద లెక్క. నిజంగా జరిగిందో లేదో చూడటానికి వై క్రోమోజోమ్ దొరికింది, మగవాళ్ళలో మాత్రమే ఉండే డీఎన్‌ఏ పోగు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది, అచ్చం ఇంగ్లీషు ఇంటిపేరు లాగే, కాబట్టి ఒకే ఇంటిపేరున్న మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి చూస్తే ఎంతమంది ఒకే మూలపురుషుడి దగ్గరికి పోతారో తెలుస్తుంది. 2000లో బ్రయాన్ సైక్స్ అనే శాస్త్రవేత్త తన సొంత ఇంటిపేరు మీదే ఈ ప్రయోగం చేశాడు, 48 మంది సైక్స్‌లని తీసుకుంటే దాదాపు 44 శాతం మందిది ఒకే రకం. సైక్ అంటే చిన్న పిల్లకాలువ, యార్క్‌షైర్‌లో అడుగడుక్కీ ఉంటాయి, కాబట్టి పది చోట్ల పది మూలపురుషులు ఉంటారని అందరూ అనుకున్నారు, తీరా చూస్తే ఒక్కడి సంతానమే అంతమంది తేలారు.

తర్వాత లెస్టర్ యూనివర్సిటీలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఇంకా పెద్ద ఎత్తున చేశారు, 2009లో వచ్చిన వాళ్ళ పేపర్‌లో 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్ళు. స్మిత్‌లని చూస్తే ఒకరికొకరికి పోలికే లేదు, రోడ్డు మీద పోయే ఏ ఇద్దర్ని పట్టుకున్నా ఎంతో అంతే, కమ్మరి లేని ఊరు లేదు కాబట్టి ప్రతి ఊళ్ళోనూ ఒక స్మిత్ పుట్టాడు. పేరు అరుదయ్యే కొద్దీ పోలిక పెరుగుతూ పోయింది. అటెన్‌బరోల దగ్గరికి వచ్చేసరికి పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిది ఒకే రకం వై క్రోమోజోమ్. అంటే ఆ మొదటి మాట నిజమే, వాళ్ళు దాదాపు అందరూ చుట్టాలే. ఇందులో ఒక తమాషా ఏంటంటే ఫ్రెడరిక్ అటెన్‌బరో ఆ లెస్టర్ యూనివర్సిటీ కాలేజీగా ఉన్న రోజుల్లో 1932 నుంచి 1951 దాకా ప్రిన్సిపాల్, పిల్లలు పెరిగింది ఆ క్యాంపస్‌లోనే, ఇప్పటికీ అక్కడ అటెన్‌బరో టవర్ అని పెద్ద బిల్డింగ్ ఉంది, 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టింది కూడా ఆ యూనివర్సిటీలోనే.

మరి మిగిలిన ఆ పదోవాడు ఎవరు? దత్తత వచ్చినవాడు అయ్యుండొచ్చు, తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాడు అయ్యుండొచ్చు, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకి తల్లి పేరే ఉండేది, భర్త కాని వాడికి పుట్టిన కేసులూ ఉంటాయి. ఇంగ్లండ్ చట్టంలో పేరు మార్చుకోవడానికి పెద్ద అడ్డంకి కూడా లేదు, మోసం చేసే ఉద్దేశం లేకపోతే ఎవడు ఏ పేరైనా వాడుకోవచ్చు. ఆస్తి కోసం మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు, రచయిత్రి జేన్ ఆస్టిన్ అన్న ఎడ్వర్డ్‌ని నైట్ అనే ధనిక చుట్టాలు పెంచుకున్నారు, ఆయన 1812లో ఆస్టిన్ వదిలేసి నైట్ అయిపోయాడు, ఆయన కొడుకులందరూ నైట్‌లు కానీ వై క్రోమోజోమ్ ఆస్టిన్‌దే. ఇలా పేరుకీ క్రోమోజోమ్‌కీ లంకె తెగిన సందర్భాలన్నీ కలిపి తరానికి నూటికి ఒకటి నుంచి నాలుగున్నర దాకా ఉంటాయని లెస్టర్ వాళ్ళ అంచనా, అంటే జనం గుసగుసలాడుకునే అంత ఎక్కువేం కాదు, కానీ ఇరవై తరాలు కలిపితే తక్కువా కాదు.

రాజులకి కూడా తప్పలేదు. 1485లో యుద్ధంలో చచ్చిపోయిన మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి, డీఎన్‌ఏ పని నడిపింది మళ్ళీ ట్యూరీ కింగే. తల్లి వైపు బంధువులతో డీఎన్‌ఏ సరిపోయింది. తండ్రి వైపు మాత్రం, వంశవృక్షం ప్రకారం అదే మగ వరసలోంచి వచ్చిన ఐదుగురు బంధువులని పరీక్షిస్తే ఒక్కరిది కూడా రాజుతో కలవలేదు, అది చాలదన్నట్టు ఆ ఐదుగురిలో ఒకాయనది మిగతా నలుగురితో కూడా కలవలేదు. అంత పకడ్బందీగా రాసిన రాచకుటుంబం చిట్టాలోనే కనీసం రెండు చోట్ల గొలుసు తెగింది.

2007లో వచ్చిన ఇంకో పేపర్ అయితే నాకు వీటన్నిటికంటే ఇష్టం. తూర్పు యార్క్‌షైర్ మూలాలున్న ఒక అరుదైన ఇంటిపేరు, తరతరాల తెల్లవాళ్ళు, వాళ్ళలో 18 మందిని పరీక్షిస్తే ఏడుగురిలో పశ్చిమ ఆఫ్రికాలో మాత్రమే కనిపించే రకం వై క్రోమోజోమ్ బయటపడింది. రికార్డులు తవ్వితే వాళ్ళందరూ యార్క్‌షైర్‌లో 1780ల చివర మొదలయ్యే రెండు వంశవృక్షాల్లోకి వచ్చి ఆగారు, ఆ రెండూ అంతకు ముందెప్పుడో కలిసి ఉండాలి. ఎప్పుడో ఒక ఆఫ్రికా మనిషి ఆ పల్లెటూరి ఇంగ్లీషు వంశంలో కలిశాడు, మొహాల్లో జాడ పోయింది, క్రోమోజోమ్‌లో మిగిలింది. ఇంటిపేరుని చూసి రక్తం స్వచ్ఛత గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళకి ఆ పేపర్ చదివి వినిపించాలి.

ఇక పేర్లు ఒకే చోట ఎందుకు ఉండిపోయాయి అంటే, పొలం పనులు, ఇంటిపట్టు పనులు ఒక కారణం, అటెన్‌బరోల ప్రాంతంలో అయితే ఇళ్ళలోనే మేజోళ్ళు అల్లే మగ్గాలు, ఆ యంత్రాన్ని 1589లో కనిపెట్టిన విలియం లీ కూడా నాటింగ్‌హామ్‌షైర్ వాడే, ఇంట్లోనే పని దొరికితే ఊరు ఎందుకు వదులుతారు. ఇంకో కారణం చట్టం. 1662 సెటిల్‌మెంట్ చట్టం ప్రకారం పేదవాడి పోషణ బాధ్యత వాడి సొంత పారిష్‌ది, పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు, వేరే ఊరికి పోయి ఇబ్బందుల్లో పడేలా ఉంటే ఆ ఊరివాళ్ళు వెనక్కి పంపించేసేవాళ్ళు. తర్వాత రైళ్ళు, గనులు, ఫ్యాక్టరీలు వచ్చి జనాన్ని కదిలించాయి, ఆస్ట్రేలియా, అమెరికా, కెనడాలకి ఓడలెక్కారు. అయినా 1881 జనాభా లెక్కల్లోని రెండున్నర కోట్ల పైచిలుకు మనుషుల వివరాలని వాలంటీర్లు కంప్యూటర్లోకి ఎక్కించాక, లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు వాటిని 1998 ఓటర్ల జాబితాతో పక్కపక్కన పెట్టి మ్యాపులు గీస్తే, చాలా పేర్లు వందేళ్ళ తర్వాత కూడా పుట్టిన చోటుకి పెద్ద దూరం పోలేదని తేలింది.

మ్యాప్ చూసేటప్పుడు స్పెల్లింగ్‌తో జాగ్రత్త. పాతకాలంలో రాసేది చర్చి గుమాస్తా, చెప్పేవాడికి చదువు రాదు, విన్నది విన్నట్టు రాసేవాడు, అందుకే అటెన్‌బరోకి అటెన్‌బర్రో, అటెన్‌బ్రో లాంటి రూపాలు కూడా ఉన్నాయి. వాటిని వేరే పేర్లుగా లెక్కేస్తే ఒకే కుటుంబం మూడు అరుదైన కుటుంబాలుగా కనిపిస్తుంది. ఇంటిపేరు టైప్ చేస్తే మీ వంశ చిహ్నం ఇదిగో అని కప్పులు, ఫ్రేములు అమ్మే షాపులు ఉన్నాయి, అవి శుద్ధ వ్యాపారం, ఇంగ్లండ్‌లో ఆ చిహ్నాలు ఒక మనిషికి, వాడి వారసులకి ఇస్తారు తప్ప ఇంటిపేరుకి ఇవ్వరు.

మన పద్ధతితో పోల్చాలని సరదా పడేవాళ్ళకి ఒక చిన్న సంగతి. డార్విన్ కొడుకు జార్జ్ 1875లో, ఇంగ్లండ్‌లో తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్ళిళ్ళు ఎన్ని జరుగుతున్నాయో లెక్కగట్టడానికి ఒకే ఇంటిపేరున్న వధూవరులని లెక్కపెట్టాడు, దొరల్లో నూటికి నాలుగున్నర, లండన్‌లో ఒకటిన్నర అని తేల్చాడు. ఆయన తల్లిదండ్రులే అలాంటి తోబుట్టువుల పిల్లలు, వాళ్ళ పిల్లల ఆరోగ్యం మీద డార్విన్‌కి భయం ఉండేది. అదే లెక్క మన దగ్గర వేస్తే సున్నా వస్తుంది, ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అయితే మనవాళ్ళు సంబంధమే చూడరు, కానీ మేనరికాలు మాత్రం కావలసినన్ని. ఇంగ్లీషువాడి కొలబద్ద మన మేనమామ కూతురిని అసలు పట్టుకోలేదు.

ఈ అరుదైన పేర్ల వ్యవహారంలో ఇప్పుడు కొత్తగా వచ్చిన తలనొప్పి ఇంకోటుంది. పేరుకీ వై క్రోమోజోమ్‌కీ ముడి ఉందంటే, క్రోమోజోమ్ చూసి పేరు చెప్పొచ్చన్నమాట. నేరం జరిగిన చోట రక్తపు మరక దొరికితే ఇంటిపేరు ఊహించడానికి పోలీసులకి ఇది పనికొస్తుందని లెస్టర్ వాళ్ళు 2006లోనే రాశారు, స్మిత్‌ల విషయంలో పనికిరాదు, అటెన్‌బరో లాంటి పేర్ల విషయంలో పనికొస్తుంది. 2013లో అమెరికాలో యానివ్ ఎర్లిక్ బృందం ఇంకో దారి చూపించింది, పరిశోధన కోసం పేరు చెప్పకుండా డీఎన్‌ఏ ఇచ్చినవాళ్ళ వివరాలు ఇంటర్నెట్‌లో ఉంటే, వంశవృక్షాల వెబ్‌సైట్లలో జనం సరదాగా పెట్టుకున్న వై క్రోమోజోమ్ ఫలితాలతో పోల్చి ఇంటిపేరు లాగారు, అమెరికా తెల్ల మగవాళ్ళలో నూటికి పన్నెండుమంది దాకా ఇలా దొరుకుతారని వాళ్ళ అంచనా, ఇంటిపేరుకి వయసు, రాష్ట్రం తోడైతే మనిషి చేతికి చిక్కినట్టే. తన డీఎన్‌ఏ ఇవ్వని మనిషి కూడా, ఎక్కడో ఉన్న దూరపు దాయాది ఇచ్చినందుకు దొరికిపోవచ్చు. ఆ పేపర్ బయటికి రాగానే అమెరికా ఆరోగ్య సంస్థ ఆ డేటాలో వయసు కాలమ్‌ని అందరికీ కనిపించే చోటు నుంచి తీసేసింది.